అన్‌ఫిట్ పట్టి

మా అమ్మ సుసన్నా ఆ ఎండాకాలం సంగతిని మందిరంలో సాక్ష్యంగా చెప్పమని నన్ను చాలాసార్లు అడిగింది. ఒక ఆదివారం లేచి నిలబడ్డాను కూడా. మైకు చేతికొచ్చాక "దేవునికి స్తోత్రం, మా తమ్ముడు బాగున్నాడు" అని మాత్రం అని కూర్చున్నాను. సాక్ష్యం చెప్పేవాళ్లు తమను ఏది కాపాడిందో తేల్చి చెప్పాలి. నాకు తెలిసింది అంత తేలిగ్గా తేలేది కాదు. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

మేం ఉండేది గోదావరిఖని ఎయిట్ ఇంక్లైన్ కాలనీలో, బొగ్గు కంపెనీ క్వార్టర్‌లో. నాన్నను మేం బాపు అంటాం, పేరు యిర్మియా. బాయిలో పనిచేసేవాడు. భూమి లోపలి గనిని మా దగ్గర బాయి అనే అంటారు. పైకప్పుకు ఆనించే దిమ్మెలు భుజాన మోసి, వంగి నడిచీ నడిచీ ఆయన మెడ పట్టేసింది. కుడిచేతి వేళ్లకు తిమ్మిరి వచ్చేది. అన్నం ముద్ద నోటిదాకా వచ్చి జారిపోయేది. నేను ఫిజియోథెరపీ చదివాను, లక్ష్మీనగర్‌లో ఒక చిన్న క్లినిక్‌లో పనిచేస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేనే. బాపు మెడకు మెత్తటి పట్టి తెచ్చి కట్టింది కూడా నేనే.

బొగ్గుబాయిల ఊళ్లో మెడకు పట్టి కట్టుకున్న మనిషి కనబడితే ఎవరూ "నొప్పి ఎట్లుంది" అని అడగరు. "బోర్డు ఎప్పుడు" అని అడుగుతారు. రోగం వల్ల పని చేయలేని కార్మికుణ్ణి మెడికల్ బోర్డు పరీక్ష చేసి అన్‌ఫిట్ అని తేలిస్తే, ఆ ఇంటి పిల్లల్లో ఒకరికి కొలువు వస్తుంది. ఆ పిల్లవాడు మాత్రం ఒళ్లు బాగున్నవాడై ఉండాలి. అందుకే మెడపట్టిని, నడుముకు కట్టే బెల్టును చూడగానే జనానికి నొప్పి కంటే ముందు కొలువు గుర్తొస్తుంది. నిజంగా నొప్పి ఉన్నవాడికి కూడా ఆ ఎకసెక్కం తప్పదు.

"యిర్మియన్నా, పట్టి మంచిగ కూసున్నది. బోర్డుల పాసైతవ్ తియ్యి," అనేది పక్క క్వార్టర్ సారవ్వ, నల్లా దగ్గర బిందె పెడుతూ.

"అండ్ల ఫెయిలైతెనే గదనే పాసైనట్టు," అనేవాడు బాపు.

ఇద్దరూ నవ్వేవాళ్లు. బాపు ఇంట్లోకి రాగానే పట్టి విప్పి తలుపు వెనక తగిలించేవాడు. నొప్పి ఉన్నప్పుడు పెట్టుకొమ్మని నేను, బయట తిరిగేటప్పుడు వద్దని ఆయన. మా ఇద్దరి మధ్య రోజూ నడిచే వాదం అది.

తమ్ముడు గిడియోన్ ఐటీఐలో ఫిట్టర్ కోర్సు చేశాడు. కొలువు వచ్చేదాకా అని మార్కండేయ కాలనీలో జగదీశ్వర్ అన్న బండ్ల షాపులో చేరి, అక్కడే ఆ పిచ్చి అంటించుకున్నాడు. పాత మోటార్‌సైకిల్ తెచ్చి, అడ్డమున్నవన్నీ కోసేసి, పొగగొట్టం పైకి ఎత్తి కట్టి, గట్టి పళ్లున్న టైర్లు వేసి గుట్టల మీద తోలడం. ఓపెన్‌కాస్ట్ గనిలోంచి తవ్వి పోసిన పాత మట్టిగుట్ట ఒకటి మా ఊరి బయట ఉంది. సెక్యూరిటీవాళ్లు తరిమేవాళ్లు, వీళ్లు ఇంకోవైపు నుంచి ఎక్కేవాళ్లు. ఆ ఎండాకాలం జగదీశ్వర్ అన్న రామగిరి వైపు ఒక రైతు బీడులో అచ్చంగా రేసే పెడుతున్నానని చెప్పేసరికి మా వాడికి ఇల్లు, తిండి గుర్తులేకుండా పోయాయి.

"వీళ్ల బాపు అన్‌ఫిట్ కావాలె, వీడు ఫిట్‌గ ఉండాలె. దేవుణ్ణి నేను అడిగేది గింతే," అనేది అమ్మ. "ఆయనేమో పట్టి ఇప్పి తిరుగుతడు, వీడేమో గుట్టల మీంచి దునుకుతడు. ఇద్దరు గలిసి నా ప్రార్థనను ఆగం జేస్తున్నరు."

నా భయం వేరే. ఆ మార్చిలో మంచిర్యాల నుంచి ఒక అబ్బాయిని మా క్లినిక్‌కు తెచ్చారు. బండి మీంచి తలకిందులుగా పడ్డాడు. ఎముక అతికింది గానీ మెడ లోపలి నరం అతకలేదు. మాట్లాడతాడు, నవ్వుతాడు. చేతులు, కాళ్లు కదలవు. నేను వేళ్లు ఒక్కొక్కటే మడిచి చాపుతుంటే వాళ్లమ్మ పక్కన కూర్చుని కొంగుతో అతని ముఖం మీది ఈగలు తోలేది. ఆమె వయసు మా అమ్మ వయసే ఉంటుంది. ఆ రోజు ఇంటికి వచ్చి గుట్టల మీద బండ్లు తోలేవాళ్లు మెడకు వేసుకునే బ్రేస్ గురించి దొరికినంతా చదివాను. చదివి, తెప్పించాను.

అది వచ్చిన రోజు పట్టుకుని నేరుగా షాపుకే వెళ్లాను. తమ్ముడు, జగదీశ్వర్ అన్న, తిరుమల అని తమ్ముడితోపాటు రేసుకు సిద్ధమవుతున్న ఇంకో అబ్బాయి, ముగ్గురూ ఒక ఇంజిన్ చుట్టూ కూర్చుని ఉన్నారు. పెట్టె విప్పగానే తిరుమల లేచి వచ్చి చూశాడు.

"అరె గిడియోనూ, అన్‌ఫిట్ పట్టి అచ్చిందిరా నీకు. ఇంతకు బోర్డుకు మీ బాపు వోతుండా, నువ్వు వోతున్నవా?"

"ఇద్దరు వోతె ఇంటికి రెండు కొలువులు," అన్నాడు టీ తెచ్చినతను.

అందరూ నవ్వారు. తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. వాడు నా చేతిలోంచి బ్రేస్ తీసుకుని, ఇటూ అటూ చూసి, టైర్ల కుప్ప మీద పెట్టేశాడు.

జగదీశ్వర్ అన్న నవ్వలేదు. ఆయన మంచివాడు, బండ్ల సంగతి వచ్చిందంటే ఎవరితోనైనా మర్యాదగా కొట్లాడతాడు.

"కూసో చెల్లె. నేను చాన ఏండ్ల సంది తోల్తున్న. తలకు హెల్మెట్ ఉన్నది, ఛాతికి గార్డు ఉన్నది, మోకాళ్లకు ఉన్నయ్. మెడ మాత్రం ఖుల్లాగ ఉండాలె. గుట్ట దిగుతుంటె కిందికి సూడాలె, పక్కోడు ఏడున్నడో సూడాలె. మెడకు పట్టి కట్టినంక కొయ్యబొమ్మ తీర్గ అయితడు. పడనోడు గూడ పడుతడు."

"ఇది బాపు పట్టి లాంటిది కాదన్నా. మెడకు అసలు అంటదు. భుజాల మీద, ఛాతి మీద కూసుంటది. తల మామూలుగ తిరుగుతది. పడ్డప్పుడు హెల్మెట్ హద్దు దాటి ఎనకకో పక్కకో పోయిందనుకో, ఈ అంచుకు తగిలి ఆగుతది. ఆ జోరు మెడకు పోకుంట భుజాలకు పోతది."

"అంటె ఇది ఏసుకున్నోనికి మెడ ఇరగది. గట్ల రాసిస్తవా?"

రాసిస్తానని ఒక్క అబద్ధం ఆడితే ఆ పూటకు నేనే గెలిచేదాన్ని.

"రాసియ్యనన్నా. దెబ్బలు తగ్గినయని కొందరు లెక్కలు తీసిన్రు. గా రుజువు సరిపోదని ఇంకొందరు అన్నరు. సైజు సరిగ్గ లేకుంటె పనిచెయ్యదు. భుజం ముందటి బొక్క మీద జోరు పడొచ్చని గూడ అంటరు."

"సూసినవా? నువ్వే అంటున్నవ్."

"అంటున్నన్నా. మెడల నరం తెగితె నేనేం జెయ్యలేను. భుజం బొక్క ఇరిగితె చేస్త. నాకు తెలిసింది గంతే."

జగదీశ్వర్ అన్న మళ్లీ ఇంజిన్ వైపు వంగి స్పానర్ అందుకున్నాడు. "నీ మాటల నిజమున్నది గని జోరు లేదు చెల్లె. పోరగాండ్లకు నిజం చాలదు," అన్నాడు. రేసులో దాన్ని తప్పనిసరి చేయనన్నాడు. ఇష్టమున్నవాడు వేసుకోవచ్చు.

ఇష్టమున్నవాడు ఎవడూ లేడు. అది షాపులోంచి మా ఇంటికి, ఇంట్లోంచి బీరువా మీదికి చేరింది. ఒక సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి బాపు దాన్ని భుజాల మీద తగిలించుకుని ముందు గదిలో కూర్చుని ఉన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"ఇది నా నొప్పికి పనికస్తదా బిడ్డా? గట్టిగున్నది," అన్నాడు.

"రాదు బాపు. అది పడ్డప్పటికి. నీది ఏండ్ల సంది కూసున్న నొప్పి."

"మరి వీడెందుకు ఏసుకోడు? పడేది వీడే గద."

గిడియోన్ చెప్పులు వేసుకుంటూ ఆగాడు. "నువ్వు బయటికి పోంగ పట్టి ఎందుకు ఇప్పుతవ్ బాపు? నీకు సిగ్గు, నాకు కాదా? పట్టి కట్టుకున్నోణ్ణి ఈ ఊళ్లె ఏమంటరో నీకు ఎర్కలేదా?"

బాపు బ్రేస్ విప్పి, కాళ్ల మీద పెట్టుకుని, అంచు మీద దుమ్ము తుడిచాడు.

*

బోర్డు పిలుపు ఏప్రిల్ చివర వచ్చింది. తెల్లారుజామున బస్సెక్కి నేను, బాపు కొత్తగూడెం వెళ్లాం. అమ్మ ముందు రోజంతా ఉపవాస ప్రార్థన చేసింది. దారి పొడవునా బాపు పట్టి పెట్టుకునే ఉన్నాడు. బస్సు గతుకుల్లో పడినప్పుడల్లా ముందు సీటు కడ్డీ గట్టిగా పట్టుకునేవాడు.

వరండాలో పొడుగాటి బెంచీ. దాని మీద మెడపట్టీలు, నడుంబెల్టులు, ఒకాయన చేతిలో కర్ర. అందరూ బాయి మనుషులే. ఎవరి బాయి ఏది, ఎవరు ఏ షిఫ్టు అని ఒకరినొకరు అడుగుతూ పెళ్లి విడిదిలో కూర్చున్నట్టే కూర్చున్నారు. మందమర్రి నుంచి వచ్చిన లింగమూర్తి అనే ఆయన బాపుకు జరిగి చోటిచ్చాడు. ఆయన నడుముకు బెల్టు ఉంది.

"ఏం తమ్మీ, పట్టి కొత్తగున్నది? బస్టాండ్ల దిగి కొన్నవా?"

బెంచీ అంతా నవ్వింది.

"నాది సూడు, చెమటకు రంగు వోయింది. బోర్డుకు అచ్చెటప్పుడు పాతది తెచ్చుకోవాలె. కొత్తది చూస్తె డాక్టర్లకు అనుమానం అస్తది."

ఇంకా నవ్వారు. పగతో కాదు, ఆ నవ్వులో చోటిచ్చినంత స్నేహం ఉంది. బాపు కూడా నవ్వాడు. నవ్వుతూనే చెయ్యి వెనక్కి పెట్టాడు. చర్రుమని చప్పుడైంది. పట్టి విప్పి, రెండు మడతలు పెట్టి నాకిచ్చాడు.

"పట్టుకో బిడ్డా."

"ఎందుకు బాపు? పెట్టుకోని పో. అది నీ నొప్పికి కట్టింది."

"నొప్పి లోపటున్నది గద, డాక్టర్లు సూసుకుంటరు. దీన్ని సూసి నన్ను నాటకమాడేటోడు అనుకుంటె నాకు నామోషి."

"గట్లెవరు అనుకోరు బాపు."

"అనుకోరు. అయినా సరె."

పేరు పిలిచారు. బాపు చొక్కా కిందికి గుంజుకుని, షిఫ్టుకు పోయే మనిషిలా ఛాతి ముందుకు పెట్టి లోపలికి వెళ్లాడు. నేను ఆ మెత్తటి పట్టిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దానికింకా ఆయన మెడ వేడి ఉంది.

బయటికి వచ్చాక అడిగాను. "ఏమడిగిన్రు బాపు?"

"మంచిగనే మాట్లాడిన్రు. కాయిదాలు సూసిన్రు. మెడ అటు తిప్పు, ఇటు తిప్పు అన్నరు."

"తిప్పినవా?"

"పెద్ద డాక్టరు తిప్పుమంటె తిప్పనా?"

"నొప్పి లేసిన కాడ ఆపాలె గద."

"ఆపుమని ఆయన అనలే," అన్నాడు బాపు.

ఇన్నేళ్లూ బాయిలో పని చేయించే సర్దారు ఎత్తుమంటే ఎత్తాడు, దించుమంటే దించాడు. నొప్పి వచ్చేచోట ఆగమని బోర్డు చెప్పాలన్నట్టు ఎదురుచూశాడు. తిరుగు బస్సులో పట్టి పెట్టుకుని, నుదురు ముందు సీటుకు ఆనించి, ఊరు వచ్చేదాకా కళ్లు తెరవలేదు.

కొన్నాళ్లకు కబురు వచ్చింది. అన్‌ఫిట్ కాదు. బాయి దిగక్కర్లేదు, పైన తేలికపాటి పని. దీపాల గదిలో, బాయి దిగేవాళ్లకు టోపీ దీపాలు అందించే దగ్గర. బోర్డును నేను తప్పుపట్టను. వాళ్లు తాము చూసింది రాశారు. వాళ్లు చూసింది మెడ చక్కగా తిప్పిన మనిషిని.

ఆ రోజు అమ్మ వంట చేయలేదు. గడప దగ్గర కూర్చుని, కొడుక్కు రాకుండా పోయిన కొలువును తలుచుకుని ఏడ్చింది. "మెడ కాయిదాలు అన్ని వెట్టి పంపితిమి. ఎట్ల కాకపాయె?" అని మళ్లీ మళ్లీ అడిగింది. నేనే చెప్పాను, బెంచీ దగ్గర జరిగింది, లోపల జరిగింది. దాచితే అమ్మ డాక్టర్లను శపిస్తుందని చెప్పాను.

"నొప్పి ఉన్నోడు నొప్పి ఉన్నదని చెప్పుకునేటందుకు గూడ సిగ్గాయెనా నీకు?" అంది అమ్మ.

"దీపాల కాడ పని మంచిదేనే," అన్నాడు బాపు. "కూసోని చేసేది. ఫ్యాన్ గూడ ఉంటది."

గిడియోన్ అప్పుడే షాపు నుంచి వచ్చి బయట నల్లా కింద చేతుల గ్రీజు కడుక్కుంటున్నాడు. నేను బిందె కోసం బయటికి వెళ్తే అడిగాడు.

"బాపు పట్టి ఇప్పి పోయిండా లోపటికి?"

"అవును."

"ఎవరన్న నవ్విన్రా?"

"ఊకెనే నవ్విన్రు. మీ షాపుల నవ్వినట్టే."

వాడు నల్లా కట్టేశాడు. చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. తర్వాత ఇంట్లోకి వెళ్లి, బాపు పక్కన కూర్చుని, బియ్యం కడిగి కుక్కర్ పెట్టమంటావా అని అమ్మను అడిగాడు. మా ఇంట్లో వాడు ఆ మాట అడగడం అదే మొదలు. అమ్మ ఏడుపు ఆపి వాడి ముఖం వంక చూసింది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం క్లినిక్‌కు వచ్చాడు. చేతిలో సంచి. సంచిలో హెల్మెట్, దాని కింద బ్రేస్.

"అక్కా, దీని ఎనక కాడ ఎంత బిగించాలె?"

వాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి ముందు పట్టీలు, చంకల కింది పట్టీలు సరిచేశాను. హెల్మెట్ పెట్టించి తల అన్ని వైపులా తిప్పించాను. వీపు మీదికి దిగే పుల్లలాంటి వెనక కాడ గుచ్చుకోకుండా ఒక మెట్టు తగ్గించాను. పక్క బల్ల మీద మోకాలికి కరెంటు పెట్టించుకుంటున్న ఒక పెద్దావిడ అంతా చూసి, "ఏమైంది బిడ్డా పిల్లగానికి?" అని అడిగింది.

"ఏం కాలేదమ్మా," అన్నాను. ఆ మాట అనగలిగినందుకు లోపల దండం పెట్టుకున్నాను.

*

రేసు రోజు పొద్దున్నే రామగిరి వైపు బీడులో జనం గొడుగులు, తువ్వాళ్లు తలకు పెట్టుకుని నిలబడ్డారు. మజ్జిగ డ్రమ్ము పెట్టారు. సగం మంది మొదటి షిఫ్టు లేని బాయి మనుషులే. జగదీశ్వర్ అన్న మందుల పెట్టె నా చేతికిచ్చి, దిబ్బలన్నిట్లో పెద్దదాని పక్కన నిలబడమన్నాడు. బాపు దీపాల గదిలో డ్యూటీకి వెళ్లాడు. అమ్మ రానంది. చూస్తే ప్రార్థన సాగదని ఇంట్లోనే ఉండిపోయింది.

గిడియోన్ బ్రేస్‌తో బయటికి వచ్చేసరికి తిరుమల బండి మీంచే అరిచాడు.

"ఓ, మీ బాపుది అయిపోయింది గదరా. ఇప్పుడు నువ్వా బోర్డుకు?"

"అవునురా," అన్నాడు గిడియోన్ హెల్మెట్ పట్టీ పెట్టుకుంటూ. "మా బాపు ఇప్పి పోయిండు. నేను పెట్టుకోని పోతున్న."

నవ్వు మొదలైంది గానీ సగంలో ఆగింది. బోర్డు సంగతి అప్పటికి కాలనీ అంతా తెలుసు. తిరుమల తల వంచుకుని బండి స్టార్ట్ చేశాడు.

మొదటి చుట్టు బాగా తోలాడు. రెండో చుట్టులో పెద్ద దిబ్బ మీంచి బండి గాల్లోకి లేచినప్పుడు కూడా నాకు భయమేయలేదు, అంత నిటారుగా ఉన్నాడు. దిగినచోట మట్టి మెత్తగా ఉంది. ముందు చక్రం దిగబడింది. బండి ఆగింది, వాడు ఆగలేదు. హ్యాండిల్ మీంచి ఎగిరి తలతో నేలను తాకి, అటు తిరిగి పడ్డాడు. దుమ్ము లేచింది.

నేను పరుగెత్తేసరికి నాకంటే ముందే జనం చేరారు. ఇద్దరు అప్పటికే వాడి చంకల్లో చేతులు పెట్టారు. వాళ్లను తప్పుపట్టలేను. బాయిలో పైకప్పు కూలినచోట పడిన మనిషిని ముందు ఈడ్చుకు రావాలి. ఆలస్యమైతే మిగిలిన కప్పు కూడా మీద పడుతుంది. చిన్నప్పటి నుంచి విన్నదీ, ఒళ్లు నేర్చుకున్నదీ అదే. కానీ ఇక్కడ మా పైన ఆకాశం తప్ప ఏమీ లేదు.

"ముట్టద్దు," అన్నాను. "కాకా, చేతులు తియ్యి. ఎవ్వరు లేపద్దు."

"నీళ్లన్న తాపుదాం బిడ్డా."

"వద్దు కాకా. తలకాయ కదిలితె పానం మీదికి అస్తది."

జగదీశ్వర్ అన్న చేతులు రెండూ చాచి జనానికి అడ్డంగా నిలబడ్డాడు. తన వీపుతోనే అందరినీ వెనక్కి నెట్టాడు. మిగిలిన బండ్లను ఆపింది తిరుమల. నేను మట్టిలో బోర్లా పడుకుని, మోచేతులు నేలకు ఆనించి, వాడి హెల్మెట్‌ను రెండు చేతులతో పట్టుకున్నాను. అద్దంలోంచి వాడి కళ్లు కనిపించాయి. తెరిచే ఉన్నాయి.

"గిడియోనూ, తలకాయ ఊపకు. నోటితోని చెప్పు. నన్ను గుర్తువట్టినవా?"

"గుర్తువట్టిన అక్కా. నీ ముక్కుకు మట్టంటింది."

"కాళ్ల వేళ్లు కదిలియ్."

బూట్లలో ఏం కదిలిందో నాకు కనపడలేదు. "కదిలినయా?" అని అడిగాను.

"కదిలినయ్. భుజం మాత్రం మంట లేస్తున్నది."

అంబులెన్స్ వచ్చేదాకా నేను చేతులు తీయలేదు. ఎండ నెత్తిన పడుతోంది. ఎవరో నా వీపు మీద గొడుగు పట్టారు, ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్లకు దండం. లేపబోయి నా మాట విని చేతులు తీసిన ఆ ఇద్దరు కాకలకు కూడా. చదువుకున్న పిల్ల చెప్పింది కదా అని పెద్దవాళ్లు ఒక్కసారి వింటే చాలనుకునేదాన్ని. ఆ ఒక్కసారి అదే అయింది.

దవాఖానలో మెడకు గట్టి పట్టి వేసి స్కాన్‌కు తీసుకెళ్లారు. నేను, జగదీశ్వర్ అన్న బయట బల్ల మీద కూర్చున్నాం. ఆయన ఒళ్లో తమ్ముడి బ్రేస్ ఉంది. వెనక కాడ విరిగిపోయింది. అంచు మీద హెల్మెట్ రంగు గీత పడింది. ఆయన ఆ గీత మీద బొటనవేలు పెట్టి రాస్తూ కూర్చున్నాడు.

డాక్టరు వచ్చి చెప్పాడు. ఎడమ భుజం ముందటి ఎముక విరిగింది. మెడ ఎముకలకు, నరానికి ఏమీ కాలేదు. ఎముక దానంతటదే అతుక్కుంటుంది, చేతికి జోలె కడితే చాలు.

డాక్టరు వెళ్లిపోయాక జగదీశ్వర్ అన్న నా వైపు తిరిగాడు.

"చెల్లె, గా బొక్క మీద జోరు పడుతదని నువ్వు ఆనాడే అన్నవు. దీని వల్లనే ఇరిగిందంటవా?"

"కావచ్చన్నా. ఇది లేకున్నా ఇరిగేదేమో. గట్ల పడ్డోళ్లకు అది ఇరుగుతనే ఉంటది."

"మరి మెడను ఇదే ఆపిందా?"

"తెల్వదన్నా. గీత అయితె పడ్డది. చెప్పలేను."

"నీతోని ఇదే లొల్లి," అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. "ఒక్కటన్న ఖాయంగ చెప్పవు." బ్రేస్‌ను బల్ల మీద పెట్టి, "మల్లచ్చే యేడు అందరికి పెడుత. నా కాడ రెండు మూడు ఉంచుత, మార్చుకోని తోలుకుంటరు. ఇది లేనోడు గుట్ట ఎక్కద్దు. కారణం అడిగితె నీ పేరు చెప్పను. గిడియోన్ పేరు చెప్త," అన్నాడు.

అమ్మ ఇప్పటికీ ఒకటే అంటుంది: దేవుడు కొలువు తీసుకుని పిల్లవాణ్ణి ఇచ్చాడని. దేవుడు అంగట్లో బేరగాడిలా అట్లా ఇచ్చి పుచ్చుకుంటాడని నేను అనుకోను. కానీ లెక్క వేరేగా చేయడం కూడా నాకు చేతకాదు. బాపు ఆ రోజు పట్టితోనే లోపలికి వెళ్లి ఉంటే తమ్ముడికి కొలువు వచ్చేది. అప్పుడు వాడు ఆ సంచి పట్టుకుని నా క్లినిక్‌కు వచ్చేవాడా? రాకపోయేవాడనే అనుకుంటాను. బెంచీ మీద నవ్విన లింగమూర్తి కాకకు అన్‌ఫిట్ అయిందో లేదో, ఆయన పిల్లలకు కొలువు వచ్చిందో లేదో తెలియదు. వచ్చి ఉండాలని ప్రార్థనలో ఆయన పేరు కూడా అంటాను.

ఆ రోజు దవాఖానలో, డాక్టరు స్కాన్ కాగితాలు మళ్లీ చూసి సరేనన్నాక, నర్సు వచ్చి తమ్ముడి మెడకు వేసిన గట్టి పట్టి విప్పింది. వాడు పైకప్పు ఫ్యాన్ వంకే చూస్తూ పడుకుని ఉన్నాడు. కదలమన్నా కదలడం లేదు. వాడికీ భయమే.

అప్పుడే బాపు, అమ్మ వచ్చారు. బాపు డ్యూటీ బట్టల మీదే ఉన్నాడు. అమ్మ లోపలికి రాలేదు. తలుపు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. మెడకు ఏమీ కాలేదని బయట జగదీశ్వర్ అన్న చెప్పింది ఆమె చెవిన పడిందో లేదో. మా ఇంట్లో ఎప్పుడూ అరిచి పిలిచే మనిషి, పసిపిల్లను నిద్రలేపినంత మెల్లగా పిలిచింది.

"గిడియోనూ."

వాడు తల తిప్పి అమ్మను చూశాడు.